వాసన లేని గాలి

మోవా, రాయపూర్
డిసెంబరు 4, 2013

కల్యాణక్కా,

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే నువ్వు ఏడుస్తావు, నిన్ను నేను ఊరుకోబెట్టాలి. అందుకే రాస్తున్నాను. బాగానే ఉన్నాను. వండుకుంటున్నాను, తింటున్నాను, గంట కొట్టగానే క్లాసుకి వెళుతున్నాను. ఏ పనీ ఆగలేదు. ఆ పనులన్నీ ఇంకెవరో చేస్తుంటే పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది, అంతే.

బావగారు విజయనగరంలో మాట్లాడిన ఉద్యోగానికి సరేనని చెప్పు. జనవరిలో వచ్చేస్తాను. కానీ సైన్సు మాత్రం చెప్పను. ఆ స్కూల్లో ఆఫీసు పని ఇచ్చినా సరే, చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించమన్నా సరే. ఎందుకో నీకొక్కదానికే చెబుతున్నాను.

నా పాఠం సంగతి నీకు తెలుసు. ముందు వస్తువు పిల్లల చేతుల్లోకి రావాలి, ఆ తర్వాతే పుస్తకం తెరవాలి. మా బడిలో ల్యాబు లేదు. నేను వెంటపడగా పడగా ప్రిన్సిపల్ మేడమ్ ఒక అల్మారా ఇచ్చారు. దాన్ని నింపింది మీ మరిదే. పండరీ బజారు బట్టల కొట్లలో పారేసిన ముక్కలు అడిగి తెచ్చేవారు. పిల్లలు నూలు, పట్టు, నైలాను దారాలు కాల్చి, వాసన చూసి, ఏది ఏదో చెప్పేవాళ్ళు. తను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి ఇనుప రజను పొట్లం కట్టి తెచ్చేవారు. ఆదివారం నేను పాఠం సిద్ధం చేసుకుంటుంటే ఎదురుగా పీట వేసుకుని, నేను అడిగిన ప్రశ్నలకి చెయ్యెత్తి జవాబు చెప్పేవారు. దహనం పాఠమైతే ఆయనకి నోటికొచ్చు. గాలి చాలక బొగ్గు సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, మనిషికి తెలిసేలోపే కాళ్ళు పట్టు తప్పుతాయనీ నాకన్నా బాగా చెప్పేవారు.

అదే ఆయన్ని తీసుకుపోయింది. నీకు ప్రమాదం అని మాత్రమే చెప్పాను. జరిగింది ఇది. ధర్సీవా దగ్గర వాళ్ళ ఫ్యాక్టరీలో ఆపేసిన బట్టీ గొట్టం శుభ్రం చేయడానికి అచ్చయ్య అనే కూలీ దిగి పడిపోయాడు. ఈయన సూపర్‌వైజరు. ముఖానికి ఏమీ పెట్టుకోకుండా వెనకాలే దిగారు. అచ్చయ్యని పైనున్నవాళ్ళ చేతికి అందించారు. తను పైకి రాలేకపోయారు. అచ్చయ్య బతికాడు. వీధిలోవాళ్ళు ఆయన్ని దేవుడంటున్నారు. కంపెనీవాళ్ళు నిబంధన తప్పాడంటున్నారు. నాకు మాత్రం అక్కా, ఆయన మీద కోపంగా ఉంది. తెలియని మనిషి కాదు కదా. నా పాఠం అంత శ్రద్ధగా విన్న మనిషికే అది పనికిరాకపోతే, ఇంకెవరికి పనికొస్తుందని చెప్పను?

ఈ నెల ఎనిమిదో తరగతిలో ఆ దహనం పాఠమే వచ్చింది. లెక్కలు చెప్పే యోగేష్ సార్‌కి అప్పగించేశాను. రాజీనామా కూడా ఇచ్చాను. ప్రిన్సిపల్ మేడమ్ చదివి, సొరుగులో పెట్టి, "ఆప్‌కో జో ఠీక్ లగే" అన్నారు, మీకెలా మంచిదనిపిస్తే అలా అని.

నీ ఫణిశ్రీ

మోవా
డిసెంబరు 22

అక్కా,

నువ్వు గది కూడా చూసి పెట్టానని రాశావు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నన్ను తిట్టు.

యోగేష్ సార్ పాఠం త్వరగానే ముగించారు. మంచి మనిషి, ఆయన్ని తప్పు పట్టను. ప్రశ్నలూ జవాబులూ బోర్డు మీద రాశారు, పిల్లలు బట్టీ పట్టారు. పరీక్ష పేపర్లు దిద్దడం మాత్రం నా వంతుకొచ్చింది. ఖేమిన్ సాహూ అనే అమ్మాయి ముత్యాల్లాంటి అక్షరాలతో, రంగులేని, వాసనలేని విషవాయువు అంటూ ఒక్క తప్పు లేకుండా రాసింది. మార్కులన్నీ వేసి పక్కన పెట్టాను. ఆ మాటలు చదివినా నాకేమీ అనిపించలేదు.

మర్నాడు ఆ పిల్ల క్లాసులో తల బల్లకి ఆనించి పడుకుంది. కళ్ళు తిరుగుతున్నాయంది. రాత్రి నిద్ర పట్టలేదా అని అడిగాను. బాగా పట్టిందట. చలి ఎక్కువగా ఉందని వాళ్ళమ్మ బొగ్గుల కుంపటి గదిలోనే పెట్టిందట, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కారట, హాయిగా వెచ్చగా ఉందట. పరీక్ష పేపర్లో రాశావే, ఆ గాలి సంగతి ఏమిటమ్మా అన్నాను.

ఆ పిల్ల నా వంక అయోమయంగా చూసింది. "వో తో కితాబ్‌వాలీ గ్యాస్ హై నా, మేడమ్?" అంది. అది పుస్తకంలో గ్యాసు, ఇంట్లో ఎందుకుంటుంది అన్నట్టు.

ముందు దాన్ని ఆరుబయట గాలిలో కూర్చోబెట్టాను. తర్వాత వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఒకటే గది, మంచం మీద చంటివాడు. వాళ్ళమ్మ నన్ను చూసి ఏదో గొడవ జరిగిందని భయపడింది. తలుపు సందుల్లోంచి గుడ్డలు నేనే లాగేశాను. చలికి చంటివాడు దగ్గుతున్నాడని ఆమె బాధ. పడుకునే ముందే కుంపటి బయట పెట్టేయమని, బిడ్డకి మరో దుప్పటి కప్పమని చెప్పాను. ఎందుకో అర్థమయ్యేదాకా చెప్పాను. ఆమె కుంపటి ఎత్తి వాకిట్లో పెట్టేదాకా కదల్లేదు.

మర్నాడు యోగేష్ సార్‌ని అడిగి క్లాసు వెనక్కి తీసుకున్నాను. పిల్లల్ని ఆవరణలోకి తెచ్చి కుంపటి రాజేశాను. పుస్తకాలు తేవద్దన్నాను. సగం మంది తండ్రులు ధర్సీవా వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే. మా ఆయన ఎలా పోయారో మొదటినుంచి చివరిదాకా చెప్పాను. నా గొంతు కుంపటి గురించి చెప్పినట్టే, ఏ తేడా లేకుండా వచ్చింది. సొంతమనిషి పడిపోయినా వట్టి ముఖంతో లోపలికి దిగకూడదు, కేకలేసి జనాన్ని పిలవాలి, గాలి పంపించాలి, ఆక్సిజన్ మాస్కు ఉన్నవాళ్ళే దిగాలి, ఇంటికెళ్ళి మీ నాన్నలకి ఇదే చెప్పండి అన్నాను.

ఖేమిన్ లేచి నిలబడింది. సార్‌కి, అంటే మా ఆయనకి, ఇదంతా తెలియదా అని అడిగింది. తెలుసన్నాను.

"ఫిర్ క్యోం గయే?"

ఎందుకు వెళ్ళారు. ఆయన్ని కాల్చి వచ్చిన రోజు నుంచీ నేను అడుగుతున్నదీ అదే. పిల్లలందరూ నా ముఖం చూస్తున్నారు. టీచర్ని కదా, జవాబు చెప్పాలి.

"అందర్ ఆద్మీ థా, బేటా," అన్నాను.

లోపల మనిషి ఉన్నాడు. కోపం పోయిందని నీకు అబద్ధం రాయను. కానీ ఆ మాట అన్నాక, ఆయన్ని అడగడానికి నాకింకేమీ మిగల్లేదు.

ప్రిన్సిపల్ మేడమ్ దగ్గరికెళ్ళి రాజీనామా వెనక్కి ఇమ్మన్నాను. శనివారం సాయంత్రం ఆవరణ వాడుకోనిమ్మని కూడా అడిగాను, తండ్రులకీ ఈ పాఠం చెప్పాలని. రెండిటికీ ఒప్పుకున్నారు. కాబట్టి బావగారికి నా తరఫున క్షమాపణ చెప్పు, ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇమ్మను.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. అచ్చయ్య ఇన్నాళ్ళుగా మా గుమ్మం దాకా వచ్చి, చాలాసేపు నిలబడి వెళ్ళిపోతున్నాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని, తలుపు తీయలేదు. ఈ ఉదయం తీశాను. అతను చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. శనివారం బడికి రమ్మన్నాను, లోపల ఎలా ఉంటుందో నాకన్నా నీకే తెలుసు, నువ్వే చెప్పు అన్నాను. వస్తానన్నాడు.

ఫణి