ఆదివారం పూట కల్లం కాపలా

మార్చి 1988

అన్నయ్య గౌస్ బాషాకు చెల్లెలు ఖుర్షిదా సలాం చేసి రాసేది. ఇక్కడ అమ్మ, నాన్న, నేను, మొన్న ఈనిన గేదె, దాని దూడ అందరం బాగానే ఉన్నాం. వేటపాలెంలో నువ్వూ బాగుండాలని అమ్మ ఐదు పూటలా దువా చేస్తోంది.

నీ ఉత్తరం అందింది. జీడిపిక్కల సొన తగిలి వేళ్లు పొక్కాయని రాశావు. పనిలో కూర్చునే ముందు చేతులకు నూనె బాగా పట్టించమని అమ్మ చెప్పమంది. అమ్మ మోకాలి నొప్పి సంగతి అడిగావు. తగ్గింది. నిన్న దూడ తప్పించుకుంటే సందు చివరిదాకా తరిమి పట్టుకుంది. పత్తి ఏరడం అయిపోయింది. మిరప రెండో కోత కల్లంలో ఎండుతోంది. ఈసారి కాపలా నాన్నే. మంచం కూడా అక్కడే వేసుకున్నాడు, ఎవర్నీ నమ్మడు.

నాన్న నీ పేరెత్తుతున్నాడా అని అడిగావు. అబద్ధం ఎందుకు, ఎత్తడం లేదు. కాకపోతే అమ్మ నీ మాట తెస్తే ఇప్పుడు లేచి వెళ్లిపోకుండా కూర్చుంటున్నాడు. నెల క్రితం అదీ లేదు.

ఇక ఆఖరి ప్రశ్న. "నన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టించిన ఆ టీవీ కథ ఏమిటో చెప్పనైనా చెప్పవే" అని రాశావు. చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. చెబుతాను విను.

ఆ ఆదివారం అమ్మా నాన్నా పొదిలి పెళ్లికి పోయారు. నువ్వు మందు కొట్టే పంపు బాగుచేయించడానికి అద్దంకి వెళ్లావు. మొదటి కోత కాయలకు కాపలా నన్ను పెట్టారు. "మబ్బు పడితే పట్టా కప్పు" అని నాన్న మూడుసార్లు చెప్పి మరీ వెళ్లాడు. పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసు నుంచి శేషాచలం మాస్టారు కబురు పంపారు. టీవీలో కథంతా హిందీ, ఎవరికీ ముక్క అర్థం కావడం లేదు, ఖుర్షిదా వచ్చి చెప్పాలి అని. సాయిబుల పిల్లను కాబట్టి నాకు హిందీ వచ్చని ఊరంతా నమ్మకం. మనింట్లో తాతముత్తాతల నుంచీ తెలుగు తప్ప మరో మాట లేదని ఎవరికి చెప్పను? చెప్పాలనీ అనిపించలేదు. అంతమంది ముందు కుర్చీ వేసి కూర్చోబెడతామంటే ఎవరికి చేదు?

కథేమిటంటే, ఒక ఓడ. నీళ్లలో కాదు, చుక్కల మధ్య పోయేది. అందులో అన్నా చెల్లెలూ పనిచేస్తుంటారు. ఓడ చెడితే చెల్లెలు నడుముకు తాడు కట్టుకుని బయటికి పోయి బాగుచేస్తుంటుంది. ఇంతలో మండే రాళ్లు మీదికి దూసుకొస్తాయి. ఓడ పెద్ద "తాడు కోసెయ్, ఓడ కదలాలి" అంటాడు. అన్న కోయడు. తాడు తన చేతికి చుట్టుకుని "ముందు నన్ను తోసెయ్యండి" అంటాడు. బొమ్మ చూసి నాకు అర్థమైంది ఇంతే. మాటలు నేనే కల్పించాను. వెంకటేశ్వరమ్మ పిన్ని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఇలాంటి అన్న ఎక్కడైనా ఉంటాడా అని. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ పిల్ల లోపలికి వచ్చిందో లేదో నాకూ తెలీదు. వచ్చిందనే అందరికీ చెప్పాను.

బయటికి వస్తే కుండపోత వాన. అద్దంకి నుంచి ఎప్పుడొచ్చావో, కల్లంలో నువ్వొక్కడివే పట్టా లాగుతున్నావు. అప్పటికే సగం కాయలు తడిసి ముద్దయ్యాయి. సాయంత్రం నాన్న వచ్చి "ఏడాది కష్టం! కాపలా ఎవర్రా ఉంది?" అని అరిస్తే, నేను నోరు తెరిచేలోపే "దాన్ని ఇంటికి పంపి నేను కూర్చున్నా. నిద్రపోయా" అన్నావు. టీవీకి పోయానని తెలిస్తే కాలేజీ మాన్పిస్తాడని నీ భయం. "ఇక నా కల్లంలో కాలు పెట్టకు" అన్నాడు నాన్న. నువ్వు పెట్టలేదు.

అన్నా, నీకు తెలియనిది ఒకటుంది. వాన వస్తున్నట్టు నాకు తెలియలేదని నీకు చెప్పాను. అది అబద్ధం. తాడు కోయమన్నప్పుడే ఉరుము విన్నాను. గట్టిగానే విన్నాను. ఇంకొంచెం చూసి పోదాంలే అనుకుని లేవలేదు. నువ్వు నాకోసం ఇల్లు వదిలావు, నేను నీకు కూడా నిజం చెప్పలేదు. అద్దంకి కాలేజీకి పోతున్నానన్న మాటే గాని పుస్తకంలో ఒక్క అక్షరం తలకెక్కడం లేదు.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇప్పుడు రాసేది చదివి నువ్వు కోప్పడతావు. నాన్నకు చెప్పనని నీకు వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదు, చదవడం ఆయనకు రాదు. అందుకని ఈ ఉత్తరమే పట్టుకెళ్లి, మంచం పక్కన నిలబడి మొదటి నుంచీ చదివి వినిపించాను. ఎవర్నీ నమ్మడు అన్న ముక్కతో సహా.

ఉరుము దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. "ఆపకు, చదువు" అన్నాడు. అయ్యాక లేచి కాయలు తిరగేయడం మొదలుపెట్టాడు. నా చదువు ఇంతటితో సరి అనుకున్నాను.

"రేపు కాలేజీ ఉందా?"

"ఉంది నాన్నా."

"పో. ఆ హిందీ ఏదో సరిగ్గా నేర్చుకో, ఊళ్లో పరువు పోకుండా." మళ్లీ తనే, "అంత వానలో వాడొక్కడే లాగాడా పట్టా?" అన్నాడు. తలూపాను. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఉత్తరం పోస్టులో వెయ్యకు. చేరేసరికి మూడ్రోజులు. ఇటివ్వు, నేను పోతా."

ఈ నాలుగు ముక్కలు రాస్తుంటే, చీరాల బస్సు పోతుందని చెప్పులేసుకుని పక్కనే తొందరపెడుతున్నాడు. నీ చేతికి ఉత్తరమిచ్చి తను వీధిలో ఉంటాడట. "వాడు చదివేదాకా నేను లోపలికి పోను. నాకు మాటలు రావు" అన్నాడు. నాకు తెలిసి ఆయన ఇంతవరకూ ఎవరి గుమ్మం ముందూ అలా నిలబడలేదు. చదివింది చాలు అన్నా, లేచి బయటికి వెళ్లు.

ఇట్లు,
నీ చెల్లెలు
ఖుర్షిదా