గంజిలో ముంచిన రీడు

శనివారం, ఆయుధపూజ ముందురోజు

మిల్లు నుంచి నేరుగా రామన్న మామ ఇంటికి వెళ్ళాను. రేపు మిల్లు బ్యాండులో నేను శాక్సోఫోను వాయించాలి. మామ బ్యాండు మాస్టరు పని మానేసి ఆరేళ్ళయినా, పూజకి నా రీడు, అంటే వాద్యం మూతికి బిగించే పలచని రెల్లుబద్ద, ఏరిపెట్టేది ఇప్పటికీ ఆయనే.

వాయించాక తడి తుడిచి గాజుపలక మీద పరిచి ఆరబెట్టకపోతే రీడు వంగిపోతుందని నేర్పింది కూడా ఆయనే. అలా ఆరబెట్టిన నాలుగూ ముందు పెట్టాను. ఒక్కొక్కదాన్నీ కిటికీ వెలుతురుకి ఎత్తి, మధ్యలోని నీడ రెండు పక్కలకీ సమంగా పలచబడుతోందా అని ఎప్పటిలాగే చూశాడు.

"ఇదే రా, రొంబ మంచిది. గంజిలో ముంచలేదు గదా?"

ఇద్దరమూ నవ్వాము. బ్యాండులో చేరిన కొత్తలో నా రీడు మెత్తబడిందని, మిల్లులో పడుగు నూలుకి పట్టించే గంజిలోనే ముంచి ఆరబెట్టాను. పూజనాడు మేనేజరు ముందు అది కీచుమంది.

"తప్పు నాది సార్, పాత రీడు ఇచ్చినాను" అన్నాడు మామ. ఇంటిదారిలో మాత్రం, "నూలికి గంజి పెడితివి సరే, పాటకి కూడానా రా?" అని ఒకటే నవ్వు.

ఈరోజు ఆయన ఏరిన రీడు కొసన సన్నని చీలిక ఉంది. ఒకప్పుడైతే ఆమడ దూరం నుంచే పట్టేసేవాడు. దాన్నే తీసుకున్నాను. వాద్యం పెట్టెలో ఇంకో మంచిది ఉంది కానీ, చూపు తగ్గినా ఆయన చెవి తగ్గలేదు. రేపు ముందు వరుసలో కూర్చుంటాడు. మారిస్తే తెలిసిపోతుంది…

ఇదే వాయిస్తాను. కీచుమంటే, మళ్ళీ గంజిలో ముంచానని చెబుతాను.