తమ్ముడికి పళ్ళు పడటం లేదు

జ్లతీనా,
మార్చి 3

మా కామెన్ భార్య స్నెజీనాకి,

పెద్దత్త జఫీరా రాస్తున్నది. క్షేమమా అని అడగను. నువ్వు క్షేమంగానే ఉంటావు, తినేవాళ్ళు ఎప్పుడూ క్షేమంగానే ఉంటారు. నేనడిగేది మా తమ్ముడు, నీ మామగారు మింకో సంగతి.

నిన్న వాడి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నా చేతికివ్వకముందే పోస్టుమాన్ చదివేసి "పాపం" అన్నాడు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను, చదువుకో. "అక్కా, ఆస్పత్రి నుంచి వచ్చాక పళ్ళు నాకు పడటం లేదు. సూపుతో, పెరుగుతో నెట్టుకొస్తున్నాను. బెల్టుకి కొత్తగా రెండు బెజ్జాలు పొడిచాను. స్నెజీనాకి చెప్పకు."

చెబుతున్నాను. వాడు ముప్ఫై నాలుగేళ్ళు పాలరాతి గనిలో రాళ్ళు కొట్టినవాడు. మీ పెళ్ళిలో గొర్రెపిల్ల తొడ మొత్తం ఒక్కడే తిని, ఎముక కూడా పక్కవాడికి ఇవ్వలేదు. అలాంటి మనిషికి నీ చేతిలో పడ్డాక సూపూ పెరుగూనా? పైగా ఆ పళ్ళేమిటి? బజారు మూసే వేళకి మిగిలిపోయిన మచ్చల ఆపిళ్ళు ఏరుకొచ్చి ముసలాడి ముందు పడేస్తున్నావు కదూ?

నా తమ్ముడికి మాంసం పెట్టు. లేదా ఎందుకు పెట్టవో రాయి.

నీ మేలు కోరాలో వద్దో ఇంకా తేల్చుకోని,
జఫీరా

తా.క.: బస్సు డ్రైవరు చేత రెండు కిలోల ఎండు సాసేజీ, గట్టి జున్ను, అక్రోట్లు పంపుతున్నాను. అవి మింకోకి. నువ్వు వాసన చూడొచ్చు.


ప్లొవ్‌దివ్,
మార్చి 9

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. మా పై అంతస్తు వాళ్ళకీ అందినట్టే, అంత గట్టిగా చదివాను.

నేను బస్సు కండక్టర్ని. తెల్లారి నాలుగింటికి లేస్తాను. మీ మేనల్లుడు లారీ తోలుకుంటూ నెలకి ఇరవై రోజులు దేశాలు పట్టి తిరుగుతుంటాడు. రోజంతా నిలబడి నిలబడి ఇంటికొచ్చి, అప్పుడు వండుతాను. మొన్న ఆదివారం బంగాళాదుంపలతో కోడిని కాల్చాను, చర్మం కరకరలాడేలా. మామగారు పళ్ళెం వంక చూశారు, నా వంక చూశారు, "ఆకలి లేదు తల్లీ" అన్నారు. గదిలోకెళ్ళి, తలుపు వెనక నిలబడి, పాలలో రొట్టె నానబెట్టుకుని తిన్నారు.

"నా వంటకి వంకా?" అని అడిగాను.

"కాదమ్మా" అన్నారు. ఆ మాట కూడా ఈ మధ్య సరిగ్గా రావడం లేదు. నోట్లో గులకరాళ్ళు పోసుకున్నట్టు మాట్లాడుతున్నారు.

డాక్టర్లకి చూపించలేదనుకుంటున్నారేమో. ముగ్గురికి చూపించాను. ఒకాయన ఊపిరితిత్తులు విన్నాడు, ఒకామె రక్తం తీసింది, ఇంకొకాయన మోకాలి మీద సుత్తితో కొట్టాడు. ముగ్గురూ ఒక్క మాటే: "డెబ్బై ఎనిమిదేళ్ళు కదా." అక్కడికి ఆ లెక్క మాకు తెలీనట్టు. నవంబర్లో న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరేటప్పుడు డెబ్బై నాలుగు కిలోలు ఉన్న మనిషి, ఇప్పుడు అరవై ఒకటి. కెటిల్ ఎత్తలేకపోతున్నారు. పోయిన వారం స్నానాల గదిలో పడిపోయారు.

ఇక పళ్ళ మాట. నేను మచ్చల ఆపిళ్ళు ఏరుకొచ్చే రకం కాదు. గ్రీసు నుంచి వచ్చిన నారింజలు, అరటిపళ్ళు కొంటున్నాను. అరటిపండు రోజుకి రెండు తింటున్నారు. పడకపోతే ఎలా తింటారో మీరే చెప్పండి.

ఇంకా వండుతూనే ఉన్న మీ కోడలు,
స్నెజీనా

తా.క.: సాసేజీ అందింది. మామగారు దాన్ని చేతిలోకి తీసుకుని, చచ్చిపోయిన స్నేహితుడి ఫోటో చూసినట్టు చాలాసేపు చూశారు. తర్వాత పక్కింటి కుక్కకి పెట్టేశారు. కుక్క బాగా ఒళ్ళు చేసింది. మీకు దండాలు చెప్పమంది.


జ్లతీనా,
మార్చి 15

స్నెజీనాకి,

కుక్క దండాలు చెప్పిందా. చాలా సంతోషం. నా పందిని నేను మేపి, నేను కోయించి, మిరియాలు నేను దంచి, నా వసారాలో నలభై రోజులు ఎండబెట్టిన సాసేజీ అది.

మింకో దగ్గర్నుంచి ఇంకో కార్డు వచ్చింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. "నన్ను వృద్ధాశ్రమంలో పెడతారట అక్కా. తప్పు నాదే, నేను ముసలాణ్ణయిపోయాను."

ఇప్పుడర్థమైంది. సూపు పోసి బలం తీశారు, బలం లేదని ఆశ్రమానికి తోస్తున్నారు. గది ఖాళీ అవుతుంది, అందులో కుట్టుమిషను పెట్టుకుంటావు. నేను డెబ్బై తొమ్మిది దాటి ఎనభైలోకి వస్తున్నాను. ఇవాళ పొద్దున కూడా కట్టెలు కొట్టాను. ముసలితనం అంటే ఏమిటో నాకు తెలుసు. అది మెల్లగా వచ్చేది. ఒక నవంబరునించి ఒక మార్చికి వచ్చేది కాదు. అలా వచ్చిందంటే ఎవరో తెచ్చినట్టే.

నా పెరటి చెట్టు పళ్ళు పంపుతున్నాను. ఎండబెట్టిన బేరిపళ్ళు, మింకో చిన్నప్పుడు జేబులనిండా కుక్కుకుని తిరిగేవాడు. ఈ పళ్ళు కూడా పడలేదని చెప్పు, నమ్మేస్తాను.

ఇక నీకేమీ కాని,
జఫీరా

తా.క.: చర్చిలో ఫాదర్ సావా ప్రార్థనలో చదివే పేర్ల పట్టీలో నీ పేరు కూడా రాయించాను. బతికున్నవాళ్ళ పట్టీలోనే. ప్రస్తుతానికి.


ప్లొవ్‌దివ్,
మార్చి 24

అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం కోపంతోనే రాస్తున్నాను. కానీ కోపం మీ మీద కాదు. ఎందుకో చెబుతాను, కూర్చుని చదవండి.

మీ బేరిపళ్ళు వచ్చిన రోజే కామెన్ కూడా వచ్చాడు, ఆశ్రమం కాగితాలు పట్టుకుని. ఏప్రిల్ ఇరవైకి చేర్చాలి, మామగారు సంతకం పెట్టాలి. ఆయన కలం తీసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. మీ మీద మంటో, కామెన్ మీదో, ఎవరి మీదో తెలీదు. బేరిపళ్ళ గిన్నె తెచ్చి కాగితాల మీద ఠపీమని పెట్టాను.

"మీ అక్కయ్య పంపారు. మా పళ్ళు మీకు పడవట కదా. ఈ పళ్ళయినా పడతాయేమో తినండి" అన్నాను.

మామగారు నా వంక చూశారు. "ఏ పళ్ళు?"

"మీకు పడని పళ్ళు. కార్డులు రాసి మరీ చెప్పుకుంటున్నారుగా."

ఆయన కలం పక్కన పెట్టారు. నోట్లో వేళ్ళు పెట్టి, పైవరస ఊడదీసి, బేరిపళ్ళ మీద పెట్టారు. కిందివరస కూడా తీసి దాని పక్కన పెట్టారు.

"ఇవి" అన్నారు. "పడనివి ఇవి."

చిగుళ్ళు చూపించమన్నాను. తెరవనన్నారు. కామెన్ బతిమాలాడు. చివరికి కిటికీ దగ్గరికొచ్చి నోరు తెరిచారు. ఆ పుళ్ళు నేను రాయలేను అత్తయ్యగారూ. న్యుమోనియాకి నోరు కుంచించుకుపోయిందనీ, వయసొచ్చాక అంతేననీ అనుకున్నారట. కోడలికి చెప్పడానికి సిగ్గుట. తినేముందు తీసేసి జేబులో వేసుకుని, మింగగలిగినవే తింటూ వచ్చారు.

మర్నాడు డ్యూటీ మానేసి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్న పిల్ల, ముప్ఫై కూడా ఉండవు. సెట్టుని ఆయన నోటికి ఒక్కసారి పెట్టి చూసి తీసేసింది. "ఈ నోటికీ ఈ పళ్ళకీ చుట్టరికమే లేదు. ఇవి ఈయనవి కావు" అంది. పైవరస లోపలి వైపు తిప్పి చూపించింది. గోటంత అక్షరాలు చెక్కి ఉన్నాయి: ట్రి. గె.

అప్పుడు మామగారికి గుర్తొచ్చింది. ఆస్పత్రిలో రోజూ సాయంత్రం ఒక ఆయా వచ్చి, నాలుగు మంచాల వాళ్ళ పళ్ళూ ఒకే బేసిన్లో వేసుకుని కడగడానికి పట్టుకెళ్ళేదట. పక్క మంచం ఆయన పేరు ట్రిఫోన్ గెనోవ్. రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరైన మనిషి.

పళ్ళ డాక్టరు ఇంకా చెప్పింది. నమలలేక మాంసం మానేశారు, మాంసం మానేసి కండ కరిగింది, కండ కరిగి పడిపోతున్నారు, ముసలితనం అని అందరూ పేరు పెట్టారు. ముగ్గురు డాక్టర్లు అత్తయ్యగారూ. ఊపిరి విన్నారు, రక్తం తీశారు, మోకాలు కొట్టారు. నోరు తెరవమని ఒక్కరూ అనలేదు. నేను పన్నెండేళ్ళుగా ఆయన చొక్కాలు ఉతుకుతున్నాను, నేనూ అనలేదు. గొర్రె తొడ కథ ఊరంతా చెప్పుకునే మీరూ ఆయనవి కట్టుడు పళ్ళని మర్చిపోయారు. అది కూడా రాసిపెట్టుకోండి.

ఆశ్రమం కాగితాలు కామెన్ చించేశాడు. పుళ్ళు మానేదాకా మెత్తగా కొట్టిన మాంసం, గుడ్లు పెడుతున్నాను. నిన్న మూడు మాంసపు ఉండలు తిన్నారు, తిన్నాక ఇంకోటుందా అని అడిగారు.

ట్రిఫోన్‌గారి ఊరు మీ బస్సు దారిలోనే, కొండ దిగగానే అని మామగారు చెప్పారు. నాకు సెలవు లేదు. మీకు కాళ్ళూ ఉన్నాయి, నోరూ ఉంది.

మీ కోడలు,
స్నెజీనా

తా.క.: దీంతోపాటు వచ్చే రేకు డబ్బాలో ట్రిఫోన్‌గారి పళ్ళున్నాయి. సబ్బుతో మూడుసార్లు కడిగాను. బల్ల మీద పెట్టకండి, ఇంటికొచ్చినవాళ్ళు బిస్కెట్లనుకుంటారు.


కొండకింద ఊరు,
ఏప్రిల్ 2

అమ్మా స్నెజీనా,

బస్సు డ్రైవరు నిజంగానే బిస్కెట్లనుకుని మూత తీశాడు. అప్పట్నుంచీ నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు.

ఈ ఉత్తరం వృద్ధాశ్రమం వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇంటికెళితే ట్రిఫోన్ అక్కడ లేడు. తలుపు తీసింది వాళ్ళమ్మాయి. "నాన్నకి మతి పోయిందండీ. ఆస్పత్రి నుంచి వచ్చాక మాట అర్థం కాకుండా పోయింది, తిండి మానేశాడు, మనిషిని గుర్తుపట్టడు. జనవరిలో ఆశ్రమంలో చేర్చాం" అంది. నేను డబ్బా తీసి చూపించాను. ఆ పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటి వచ్చేసింది. తిడదామనే వెళ్ళాను. తిట్టలేకపోయాను. నీ మొహం గుర్తొచ్చింది.

ఇద్దరం కలిసి వచ్చాం. ఈ ఆశ్రమం నడిపే పెద్దావిడ బూడిదరంగు కోటు వేసుకుని అడ్డంగా నిలబడింది. "ఆయనకేమీ తెలియదమ్మా. ఎందుకు కదిలిస్తారు" అంది. మంచం మీద మనిషి లేడు, దుప్పటి ముడత ఉంది. అంత సన్నబడ్డాడు. మొహం గోడకి తిప్పుకుని ఉన్నాడు. మింకో పళ్ళు సొరుగులో, రుమాల్లో చుట్టి దొరికాయి. నోట్లో నిలవక మాటమాటకీ జారుతుంటే నర్సులే తీసి అందులో పడేశారట. బోసినోటితో ఏదో అనబోతే "సరే తాతా, సరే" అనేవాళ్ళట. కొన్నాళ్ళకి అనడం మానేశాడు.

నేను ఎవర్నీ అడగలేదు. చేతులు కడుక్కుని, "నోరు తెరువు, ట్రిఫోన్" అన్నాను. తెరిచాడు. కిందివి పెట్టాను, పైవి పెట్టాను. కాస్త వదులయ్యాయి, అయినా అతనివే కదా, దారి వాటికి తెలుసు. దవడ అటూ ఇటూ ఆడించాడు. లేచి కూర్చోబెట్టమని చెయ్యి చాపాడు.

"చూశారా, ఏమీ తెలియదు" అంది పెద్దావిడ.

ట్రిఫోన్ ఆవిడ వైపు తిరిగాడు. స్టేషన్లో రైలు వేళ చెప్పినంత స్పష్టంగా అన్నాడు: "తెలుసు. మూడు నెలలుగా నా మంచం పక్కన నిలబడి నా గురించి మీరేమేం అన్నారో అంతా తెలుసు. మంగళవారం నాడు, వేసవి దాకా ఉండడు అన్నారు. ఇప్పుడు నాకు రొట్టె అంచు తెప్పించండి. మధ్యది కాదు, అంచు."

ఆవిడ కోటు బొత్తాలు సర్దుకుంటూ బయటికెళ్ళిపోయింది. కూతురు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. అతను ఓదార్చలేదు. "ముందు తిననీ" అన్నాడు. ఆ రొట్టె అంచు తినడానికి అరగంట పట్టింది.

నేనిక్కణ్ణుంచి కదలడం లేదు. ఈ ఆశ్రమంలో ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు, అందులో నలుగురు మాట్లాడరు. ప్రతి నోరూ తెరిపించి చూసేదాకా వరండాలోనే కూర్చుంటానని చెప్పాను. బయటికి పంపుతామన్నారు. పంపమన్నాను. మీ పళ్ళ డాక్టరమ్మాయికి ఆదివారం సెలవుంటే కామెన్ లారీలో ఎక్కించి తీసుకురా. మింకో పళ్ళు నా సంచిలో ఉన్నాయి, వస్తే ఇస్తాను. వాణ్ణి కూడా తీసుకురా, లారీ ఎక్కగలిగితే.

నీ మేలు కోరే,
పెద్దత్త జఫీరా

తా.క.: రొట్టె అయ్యాక ట్రిఫోన్ నన్ను అడిగాడు, "ఈ ఐదు నెలలూ నా పళ్ళతో ఎవరు తిన్నారు?" అని. ఎవరూ తినలేదు అన్నాను.