పదిహేడో మొక్కను ఎండబెట్టవద్దని మనవి

అడవి మొక్కల పరిశోధన కేంద్రం డైరెక్టరు గారి సముఖమునకు, అదే కేంద్రంలో ఆకులు లెక్కపెట్టు పనివాడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మూడో గదిలోని పదిహేడో నంబరు మొక్కను పెరికి, ఎండబెట్టి, తూచవలసిన జాబితా నుండి తొలగించుట గురించి.

1. తమ కేంద్రంలో నేను తొమ్మిదేళ్లుగా పనిచేయుచున్నాను. అడవి అంచున పైకప్పు లేని గాజు గదులు ఎనిమిది గలవు. గాలిలో కార్బన్ డయాక్సైడు పెరిగినప్పుడు అడవి మొక్కలు ఏమగునో ముందుగా తెలుసుకొనుటకు, నాలుగు గదులకు గొట్టాల ద్వారా ఆ గ్యాసు పంపబడుచున్నది. మిగతా నాలుగింటిలో మామూలు గాలి. ప్రతి మొక్కకూ ఆకులు లెక్కపెట్టి, కాండం చుట్టుకొలత రాయుట నా పని, నా భార్య పని. ఆమె పోయి ఏడు నెలలైనది.

2. గ్యాసు గదుల మొక్కలు మొదటి రెండేళ్లు ఏపుగా పెరిగి తరువాత చతికిలబడిన సంగతి తమకు విదితమే. నేలలో భాస్వరం చాలక అట్లు జరిగినదని మా కొలతలు చూసే చిన్న మేడం గారు చెప్పారు. "కంచం నిండా పెట్టి ఉప్పు వేయడం మర్చిపోతే ఎన్నాళ్లు తింటారు బాబాయ్?" అన్నారు. మామూలు గాలి మొక్కలు నెమ్మదిగా, బుద్ధిగా పెరిగినవి, ఒక్క పదిహేడో నంబరు తప్ప. అది తోటివాటికన్నా రెండు జానలు ఎత్తు. కారణమేమని తమరు మూడు మెమోలు జారీ చేసితిరి. తెలియదని మూడుసార్లూ జవాబిచ్చితిని. అది అబద్ధము.

3. మామూలు గాలి గదిలో ఊపిరి వదలరాదని నియమము. మన ఊపిరిలోనూ అదే గ్యాసు ఉంటుంది గనుక. ఊపిరి బిగబట్టి లోపలికి పోయి, ఇరవై ఆకులు లెక్కించి, బయటికి వచ్చి వదిలి, మళ్లీ పోవలెను. నా భార్యకు ఊపిరితిత్తుల జబ్బు చేసిన తరువాత మూడో ఆకుకే ఆయాసం వచ్చేది. మానేయమంటే వినలేదు. "ఇంట్లో ఉండి ఏం లెక్కపెట్టను? గోడలు నాలుగే ఉన్నాయి" అనేది.

తలుపు తీసి మూసే ఓపిక కూడా లేక, ఏడాదిన్నర పాటు మూడో గదిలోనే, పదిహేడో మొక్క పక్కన పీట వేసుకుని కూర్చుంది. అక్కడే తిని, అక్కడే దగ్గి, ఆ మొక్కతోనే కబుర్లు చెప్పుకుంది. ఎక్కువగా నా మీద చాడీలే. నేను రూలు గుర్తుచేస్తే, "నా ఊపిరి తగిలితే అరిగిపోతుందా ఏంటి ఇది? నా దగ్గర మాత్రం ఎంతుందని? ఉన్నంతలో పెడతాను" అనేది. రిజిస్టరులో "నియమం పాటించబడినది" అని రోజూ సంతకం చేసినవాడిని నేనే. ఇందుకు తమరు ఏ శిక్ష వేసినా శిరసావహించెదను.

4. గాలిలోని ఆ గ్యాసుతోనే మొక్క తన కాండమూ ఆకులూ కట్టుకుంటుందని చిన్న మేడం గారే చెప్పారు. అంటే మా ఆవిడ వదిలిన ఊపిరి ఆ మొక్కలో గట్టిపడి ఉన్నది. అయ్యా, ఇల్లంతా వెతికాను. మా వదినగారు మంచి చేస్తున్నాననుకుని ఆమె బట్టలన్నీ ఉతికేశారు. దిండు గలీబు కూడా ఉతికేశారు. నాకు ఇంకేమీ మిగల్లేదు.

5. ఇరవయ్యో తేదీన మొక్కలన్నిటినీ వేళ్లతో సహా పెరికి, డెబ్బై డిగ్రీల ఓవెన్‌లో మూడు రోజులు ఎండబెట్టి, తూచి, పొడి చేయవలెనని తమ ఉత్తర్వు. ఓవెన్ తలుపు తీసి లోపల పెట్టవలసినవాడిని నేను. తొమ్మిదేళ్లలో ఏ పనీ చేయనని అనలేదు. ఇది నా వల్ల కాదు.

6. కావున ప్రార్థన ఏమనగా, నియమం తప్పిన మొక్క లెక్కకు పనికిరాదు. లెక్కకు రానిదాన్ని తూచనవసరం లేదు. తూచనవసరం లేనిదాన్ని ఎండబెట్టనవసరం లేదు.

తీరిక చేసుకుని, ఈ మనవిని నెమ్మదిగా ఒక్కసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తప్పుడు సంతకాలు చేసిన పనివాడు

తా.క. తప్పులుంటే దిద్దమని దీన్ని చిన్న మేడం గారికి ఇచ్చాను. చదివారు. తర్వాత ఒక కాగితం మీద ఏవో లెక్కలు వేశారు. "బాబాయ్, మీ దగ్గర దాచలేను. పైకప్పు లేని గది కదా, ఊపిరి చాలావరకు పైకి పోతుంది. ఆ పక్క పెద్ద చెట్టు కొమ్మ విరిగి దీనికి ఎండ దొరికింది, అందుకే పెరిగింది. పిన్ని ఊపిరి ఇందులో ఉంటే మహా అయితే ఒక ఆకంత ఉంటుంది" అన్నారు.

ఏ ఆకు అని అడిగాను. కళ్లు తుడుచుకుని, అది ఎవరూ చెప్పలేరన్నారు.

అయ్యా, ఊపిరి వల్ల కొలత మారలేదు గనుక పైన ఆరో అంశంలో రాసినది చెల్లదని నాకు అర్థమైనది. నిన్న మళ్లీ లెక్కపెట్టాను. మొక్కకు రెండు వందల పధ్నాలుగు ఆకులున్నవి. వాటిలో అది ఏ ఆకో తేలేవరకు మొక్క మొత్తాన్ని ఉండనివ్వండి.