పెర్సిస్ బోర్డుకు టేకు చుక్కాని

హైదరాబాద్,
జులై 2

ప్రియమైన పెద్దనాన్నకు పెర్సిస్ వందనాలు. ఫోన్ చేస్తే మీరు "ఆఁ? ఆఁ?" అంటారు, నేను అరుస్తాను, పక్కింటివాళ్ళు కొట్లాట అనుకుంటారు. అందుకే ఉత్తరం. మీకిష్టమని సిరా పెన్నుతోనే రాస్తున్నాను.

ఇక్కడ చెరువులో బెంజమిన్ సార్ దగ్గర ప్యాడిల్ బోర్డు నేర్చుకుంటున్నాను. పొడుగాటి పలక మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా బోర్డుకు అడుగున ఉండి తిన్నగా పోనిచ్చే రెక్క లేదు.

పెద్దనాన్నా, ఎంత ప్రయత్నించినా తిన్నగా పోలేకపోతున్నాను. నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. బెంజమిన్ సార్ "నీకొక చుక్కాని కావాలమ్మా" అన్నారు. మీరు తప్ప నాకు దిక్కు లేదు. ఆగస్టు ఎనిమిదిన పరీక్ష.

మీ
పెర్సిస్

తా.క.: నాన్నకు మాత్రం చెప్పకండి.

—

మెదక్,
జులై 7

చిరంజీవి పెర్సిస్‌కు పెద్దనాన్న యాకోబు దీవెనలు.

పోస్ట్‌మ్యాన్ ఎల్లం ఇచ్చేసరికి నీ ఉత్తరం వానకు తడిసి పై సగం నీలం మడుగైపోయింది. కింది సగం మీ లిల్లీ పెద్దమ్మ గట్టిగా చదివింది. "తిన్నగా పోలేకపోతున్నాను" అన్నచోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాళ్ళు వణుకుతున్నాయన్నచోట నేను కుర్చీ వెతుక్కున్నాను.

తల్లీ, వయసులో దారి తప్పనివాళ్ళెవరు? నేను కూడా ఒకప్పుడు శంకరంపేటలో పని ఉందని చెప్పి సర్కసుకు పోయాను. ధైర్యంగా ఉండు. ఆదివారం చర్చిలో నీ కోసం ప్రార్థన పెట్టించాను. పేరు బయటపెట్టొద్దని అయ్యగారిని బతిమాలాను. ఆయన మాట నిలబెట్టుకున్నారు. "హైదరాబాద్ బ్యాంకులో పనిచేస్తున్న మన యాకోబు తమ్ముడి కూతురు" అని మాత్రమే అన్నారు.

నీ మేలు కోరే
పెద్దనాన్న

తా.క.: మీ పెద్దమ్మ అడగమంది: బెంజమిన్‌కు పెళ్ళయిందా?

—

హైదరాబాద్,
జులై 11

పెద్దనాన్నకు, పెద్దమ్మకు వందనాలు. ఈసారి బాల్‌పెన్ను!

పక్కదారి పట్టింది నేను కాదు, నా బోర్డు. నీళ్ళ మీద నిలబడి నడిపే పలక అది. కుడివైపు తెడ్డు వేస్తే ఎడమకు తిరుగుతుంది, ఎడమవైపు వేస్తే కుడికి. బొమ్మ గీసి పెడుతున్నాను. చర్చి బెంచీలు చేసిన ఆ చేతులతో తోక దగ్గరికి ఒక చెక్క చుక్కాని చేసిపెట్టండి. కాలితో నొక్కితే తిరగాలి.

ఇంకో మాట. బ్యాంకు ఉద్యోగం మార్చిలోనే మానేశాను. పరీక్షలో రెండు వందల మీటర్లు తిన్నగా పోతే ఇక్కడే నేర్పే ఉద్యోగం ఇస్తారు. పోలేకపోతే నాన్నకు ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు.

ఆశతో
మీ పెర్సిస్

తా.క.: నిన్న గిర్రున తిరిగి బెంజమిన్ సార్‌ను గుద్దాను. ఇద్దరం నీళ్ళలో మునిగాం. ఆయన చెయ్యి పట్టి లేపి "నేటి నుంచి నువ్వు కొత్త మనిషివి" అన్నారు. నిజంగానే మనసు తేలికైంది.

—

మెదక్,
జులై 18

చిరంజీవి పెర్సిస్‌కు దీవెనలు.

నీళ్ళలో మునిగావా? అమ్మా, మన ఇళ్ళలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడమే ఆచారం. నీకు మూడు నెలలప్పుడు నేనే ఎత్తుకుని చల్లించాను, నువ్వు నా చొక్కా తడిపావు. అది చాలలేదా? మళ్ళీ నిండా ముంచడానికి ఆ బెంజమిన్ ఎవరు? ఏ సంఘం పాస్టరు? నీళ్ళ మీద నిలబడటం నేర్పిస్తానంటే ఎవరైనా నమ్ముతారా? మీ పెద్దమ్మ మాత్రం "పోనీ తియ్యి, మంచోడే ఉన్నట్టుండు, చెయ్యి పట్టి లేపిండు గదా" అంటోంది.

నువ్వు అడిగావు కాబట్టి చుక్కాని చేశాను. అసలైన టేకు, ఏడు కిలోలు. బస్సులో పంపుతున్నాను.

బ్యాంకు సంగతి మీ నాన్నకు చెప్పను. అడిగితే అబద్ధం ఆడలేను కాబట్టి, వాడు ఎదురైతే సందు మారిపోతున్నాను. వాడికి నేనేదో కోపంగా ఉన్నానని అనుమానం. నిన్న మటన్ పంపించాడు.

నీ
పెద్దనాన్న

తా.క.: చుక్కాని మీద శిలువ చెక్కాను. ఎవరింటి పిల్లవో ఆ పాస్టరుకు తెలియాలి.

—

హైదరాబాద్,
ఆగస్టు 9

పెద్దనాన్నా, నెగ్గాను!

ముందు పెద్దమ్మకు చెప్పండి: బెంజమిన్ సార్ పాస్టరు కాదు, ఈత, బోర్డు నేర్పే మాస్టారు. అరవై ఒక్కేళ్ళు. ముగ్గురు మనవలు.

మీ మొదటి చుక్కాని బిగించగానే తోక మునిగి, బోర్డు ముక్కు గేదె మోర ఎత్తినట్టు లేచింది. కంగారులో నేను ఎడమకు బదులు కుడి నొక్కాను. అదంతా చీటీలో రాసి తిప్పి పంపాను కదా. మీరు సన్నగా చెక్కి పంపినది గురువారం అందింది. ఏం పనితనం పెద్దనాన్నా! నిన్న పరీక్షలో గాలి ఎడమ నుంచి తోస్తుంటే, కుడికాలి బొటనవేలితో అలా అలా నొక్కాను. చెప్పినట్టు వింది. గీత గీసినట్టు పోయాను. సార్ ఒడ్డున నిలబడి "ఇట్ల కాలితో నడిపెటోళ్ళను నేను సూడలే" అన్నారు. పదిహేడో తారీఖు నుంచి కొత్తవాళ్ళకు ఆ కాలి విద్యే నేర్పమన్నారు.

నాన్నకు చెప్పేశాను. అంతా విన్నారు. తర్వాత "నీకు ఈత మంచిగ వస్తదా బిడ్డా?" అని ఒక్కటే అడిగారు. నేను ఏడ్చేశాను.

సంతోషంతో
మీ పెర్సిస్

తా.క.: ఇక మీరు సందులు మారనక్కర్లేదు.

—

మెదక్,
ఆగస్టు 13

నీళ్ళ మీద నిలబడిన మా పెర్సిస్‌కు పెద్దనాన్న దీవెనలు.

పదిహేడుకు ముందే చేరాలని ఈ ఉత్తరం బస్సులో పంపుతున్నాను. తల్లీ, ఆ చుక్కాని తిరగదు.

కంగారుపడితే తప్పు వైపు నొక్కుతానని చీటీలో రాశావు. తిన్నగా పోవలసిన దానికి తిరిగే పని ఏముందని, లోపల రెండంగుళాల మేకు దిగ్గొట్టి గట్టిగా బిగించాను. నీ కాలి కింద ఉన్నది ఉత్త స్ప్రింగు. నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. చుక్కానికీ దానికీ చుట్టరికమే లేదు. పరీక్షకు ముందు చెబితే నీ కాళ్ళు మళ్ళీ వణుకుతాయని దాచాను. మీ పెద్దమ్మ ఊరుకోలేదు. "పిల్లకు నిజం జెప్పుండ్రి, లేకుంటే పదిమందికి స్ప్రింగు తొక్కుడు నేర్పుతది" అంది.

సిగ్గుపడకు. నా చెక్క తోకను పక్కకు జారకుండా పట్టుకుంది, అంతే. గాలిలో రెండు వందల మీటర్లు నడిపింది నీ చేతిలోని తెడ్డు. నేర్పితే అదే నేర్పు.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, పంపేముందు దాన్ని పాత తలుపుకు బిగించి, కింద లారీ ట్యూబులు కట్టి, పాపన్నపేట దగ్గర మంజీరలో నేనే నిలబడి చూశాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, బాణంలా పోయాను.

ఎప్పటికీ నీ
పెద్దనాన్న

తా.క.: ఎట్లా ఆగాలో నువ్వు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఆ రోజు అవతలి ఒడ్డున ఎవరిదో పొలం గట్టు తగిలితే ఆగాను. వెంటనే రాయి. శనివారం మళ్ళీ పోతున్నాను. మీ పెద్దమ్మ కూడా వస్తానంటోంది. ఆమె కోసం రెండో తలుపు కూడా ఊడదీశాను. ప్రస్తుతం మా ముందు గదికి తలుపుల్లేవు.