ఎడమ భుజానికి ఆనే తుపాకి

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. తెలంగాణ బంద్ కాబట్టి మణికొండ నుంచి మాదాపూర్ ఆఫీసుకు నడిచే వెళ్లాను. సైన్యానికి మేం డిజైన్ చేస్తున్న రైఫిల్ పేల్చినప్పుడల్లా తూటా వేడి తొడుగు కుడివైపుకే ఎగురుతుంది. ఎడమ భుజానికి ఆనించి కాల్చేవాళ్ల చెంప కాలుతుందని, అది ఎగిరే దిక్కును ఎటువైపుకైనా మార్చుకునే వీలుండాలని మీటింగులో అన్నాను.

“ఎడమచేతివాళ్లు ఎంతమంది ఉంటారండీ? కుడిచేత్తో అలవాటు చేసుకుంటారు,” అన్నాడు మేనేజర్.

“మా బాపు ఫౌజుల చెంప కాల్చుకున్నడు గాని చెయ్యి మార్చలే సార్. తుపాకినే మార్చాలె,” అన్నాను.

అందరూ నవ్వారు. కింద రోడ్డు మీద జై తెలంగాణ నినాదాలు వినిపిస్తున్నాయి. మేనేజర్ ఏ మార్పూ లేని ఆ డ్రాయింగ్‌నే నా ముందుకు తోసి సంతకం చేయమన్నాడు.

చిన్నప్పుడు నా ఎడమచేతిని కొట్టిన పంతులుతో నువ్వు కొట్లాడావు, గుర్తుందా? ఆ చేత్తోనే పెన్ను తీసుకుని, సంతకం పెట్టాల్సిన చోట ‘ఒప్పుకోను’ అని రాశాను.