ఆవుల్ని పిలిచే గొంతు

1850 ఆగస్టు 9

అమ్మకు,

మేం కులాసా. మొన్న మా ఊరి చర్చిలో ఆడవాళ్ళ హక్కుల సభ పెట్టారు. సభ పెట్టించిన టాబిథాగారు తీర్మానాలు చదువుతుంటే ఆ గొంతు మూడో వరుస దాటలేదు. "వినపడట్లేదు తల్లీ, ఇంటికెళ్ళి వెన్న చిలుక్కో" అని వెనక మగాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కాగితం తీసుకుని, కొండమీది ఆవుల్ని పిలిచే గొంతుతో చదివాను. "భార్య ఆస్తి భార్యదే. ఆమెకూ ఓటుండాలి." నవ్వులు ఆగిపోయాయి. పక్క పొలంలో ఆవులు కంచెదాకా వచ్చాయట. "ఇన్నేళ్ళూ ఈ గొంతు నా ఒక్కడిమీదే వృథా చేశావు" అన్నాడు మా ఆయన.

ఈ ఉత్తరం నీకు చేర్చే జున్ను బండివాడు తొందరపెడుతున్నాడు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఎండు ఆపిల్ ముక్కలు కాసిని పంపు. నాన్నను అడిగానని చెప్పు. ఈ కాగితం వెనక ఆడవాళ్ళకు ఓటు అడిగే అర్జీ ఉంది, సంతకం చేసి ఇదే బండిలో పంపు. ఫలానావారి భార్య అని కాదమ్మా, పెళ్ళయ్యాక నువ్వెక్కడా రాయని నీ పేరు.

నీ లోవీనా